బంతియాటలు - ప్రాణరక్షణ



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరను చిన్న గ్రామ ముండెడిది. దాని చుట్టును రాతిగుట్టలును, సీతాఫలపు పొదలును తప్ప చెప్పదగిన దేమియు లేకుండెను. 1998వ సంవత్సరము నవంబరు మాసమున, నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్సు అను సౌధమును ప్రారంభించిరి. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర ప్రసిద్ధి చెందినది. మాదాపూరు మొదలు గచ్చిబౌలి, నానక్‌రాంగూడల వఱకు నేడు అద్దాల మేడలు బారులు తీఱి నిలిచియున్నవి. మీ గ్రామములనుండి చదువుకొని వెళ్ళిన పిల్లలెందఱో ఆ మేడలలో కంప్యూటరుల ముందు కూర్చుండి పని చేయుచున్నారు.

వారమునకు ఐదు దినములు కూర్చున్న చోటు కదలని ఆ యువకులే, శనివారము ఆదివారము వచ్చినంతనే, తెల్లవాఱకమునుపే లేచి బ్యాటు భుజమున వేసికొని మైదానములకు పోవుచున్నారు. ఒక కంపెనీవారికిని మఱియొక కంపెనీవారికిని పందెములు జరుగుచున్నవి. స్థలము చాలనిచోట నలుప్రక్కలను పైనను వలలు కట్టి, నేలపై కృత్రిమపు పచ్చిక పఱచి, రాత్రివేళ విద్యుద్దీపముల వెలుతురున గంటకింతయని అద్దె చెల్లించి యాడుకొనుచున్నారు. దీనికి వారు బాక్సు క్రికెట్టని పేరు పెట్టిరి. ఇది చూచి మనము సంతోషింపవలసినదే. ఆట శరీరమునకు బలము, మనస్సునకు ఉల్లాసము, తోటివారితో స్నేహము కలిగించును.

అయినను, ఆటస్థలమునుండి యొక్కొక్కప్పుడు దుర్వార్త వచ్చుచుండును. బంతి దెబ్బ తగిలి యొకడును, దెబ్బ యేదియు తగులకయే కుప్పకూలి యొకడును మరణించెనని పత్రికలలో చదువుచున్నాము. అట్టి వార్త చదివినప్పుడు మనము, "వాని ఆయువు అంతే" యని నిట్టూర్చి పుట మరలింతుము. ఆ మాట సరియైనదియేనా యని విచారించుటకే నేటి ప్రసంగము. ఆటలలో ప్రాణము పోవుట బహు అరుదు. ఇది మొదటనే చెప్పవలెను. కాని పోయిన ప్రాణముల చరిత్ర చూచినచో, వానిలో పెక్కింటికి నివారణోపాయము ఉండియే యున్నదనియు, మనుష్యులు దానిని ఒక ప్రాణము పోయిన పిమ్మటగాని చేపట్టలేదనియు తెలియును.

మొదట అమెరికా దేశపు ముచ్చట యొకటి చెప్పెదను. అచ్చటివారికి బేసుబాలు అను ఆట మనకు క్రికెట్టు వంటిది. ఒకడు గట్టి బంతిని విసరును. వేఱొకడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి పరుగెత్తును. క్రికెట్టునందు బంతి సామాన్యముగ నేలను తాకి లేచి వచ్చును. బేసుబాలునందు నేలను తాకకయే నేరుగా కొట్టువాని ప్రక్కకు దూసికొని వచ్చును. మన పిల్లలు కొందఱు అమెరికాలో స్థిరపడినారు గనుక, మీ మనుమలలో కొందఱు ఈ యాటనే ఆడుచుండవచ్చును.

1920వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన న్యూయార్కు నగరమున పెద్ద పందెము జరుగుచుండెను. క్లీవ్‌లాండు పక్షమున రే చాప్‌మన్ అను ఇరువదితొమ్మిదేండ్ల యువకుడు కొట్టుటకు నిలిచెను. న్యూయార్కు పక్షమున కార్ల్ మేస్ అనువాడు బంతి విసరెను. ఆ దినములలో ఒకే బంతిని ఆట పొడవునను వాడెడివారు. మట్టియు, ఉమ్మియు, పొగాకు రసమును అంటి బంతి నల్లబడి, మసక వెలుతురున కంటికి సరిగా కనబడకుండెడిది. ఆ బంతి చాప్‌మన్ తలకు తగిలెను. వచ్చిన చప్పుడును బట్టి మేస్, బంతి కఱ్ఱకు తగిలెనని భ్రమించి, దానిని పట్టి సహచరునికి విసరెనట! చాప్‌మన్ కొన్ని యడుగులు నడచి కూలిపోయెను. శస్త్రచికిత్స చేసినను మఱునాటి యుదయమునకు అతడు మరణించెను.

ఆ పిమ్మట, మాసిన బంతిని వెంటనే మార్చి క్రొత్త తెల్లని బంతి నీయవలెనని నియమము గట్టిపఱచిరి. మంచిదే. కాని తలకు రక్షణగా హెల్మెట్టు, అనగా శిరస్త్రాణము, ధరించుట అచ్చటి పెద్ద పందెములలో తప్పనిసరి యగుటకు 1971వ సంవత్సరము వచ్చినది. ఒక మనుష్యుడు కన్నులయెదుట చనిపోయిన పిదప ఏబదియొక్క యేండ్లు! హెల్మెట్టు పెట్టుకొన్నవానిని పిఱికివాడని తోటివారు నవ్వుదురేమో యను జంకే ఈ యాలస్యమునకు పెద్ద కారణము.

ఇక మన దేశపు ముచ్చట. 1962వ సంవత్సరమున భారత క్రికెట్టు జట్టు వెస్టిండీసు దీవులకు వెళ్ళెను. జట్టునకు నాయకులు నారీ కంట్రాక్టరుగారు. మన హైదరాబాదు వారైన ఎం. ఎల్. జయసింహగారును ఆ జట్టులో నుండిరి. మార్చి 17వ తేదీన బార్బడోసు దీవిలోని బ్రిడ్జిటౌనునందు చార్లీ గ్రిఫిత్ అను అతివేగపు బౌలరు వేసిన బంతి కంట్రాక్టరుగారి తలకు, చెవికి పైభాగమున తగిలి పుఱ్ఱె చిట్లినది. బౌలరు వెనుకనున్న మేడలో ఎవరో కిటికీ తెఱచుటచే తమ దృష్టి ఒక్క క్షణము చెదరినదని ఆయనయే తరువాత చెప్పియున్నారు. న్యూయార్కులో మాసిన బంతి, బ్రిడ్జిటౌనులో తెఱచిన కిటికీ: బంతి సరిగా కనబడని ఆ క్షణమే ప్రాణము మీదికి తెచ్చినది.

కంట్రాక్టరుగారికి అత్యవసరముగ శస్త్రచికిత్స చేసిరి. రక్తము కావలసివచ్చెను. అప్పుడు ప్రత్యర్థి జట్టు నాయకుడైన ఫ్రాంక్ వారెల్ ముందుకు వచ్చి తన రక్తము నిచ్చెను. మన వారిలో ఉమ్రీగరు, బోర్డే, నాద్‌కర్ణీ గార్లును ఇచ్చిరి. కంట్రాక్టరుగారు బ్రతికిరి. కాని దేశము పక్షమున మఱల టెస్టు ఆట ఆడలేదు. బెంగాలు క్రికెట్టు సంఘమువారు నేటికిని వారెల్ పేరిట ఏటేట రక్తదానము జరుపుచుందురు. కంట్రాక్టరుగారి స్థానమున నాయకత్వమును వహించినవారు ఇరువదియొక్క యేండ్ల పటౌడీ నవాబుగారు. ఆయనకును అంతకు ముందటి సంవత్సరము మోటారు ప్రమాదమున ఒక కంటిచూపు పోయియుండెను. తరువాతి కాలమున ఆయన హైదరాబాదు జట్టులో జయసింహగారి నాయకత్వము క్రింద ఆడిరి. నగరమున వృద్ధులు కొందఱు నేటికిని ఆ యాటలను జ్ఞప్తికి తెచ్చుకొందురు.

కంట్రాక్టరుగారికి దెబ్బ తగిలిన పదునాఱేండ్లకు, 1978 మార్చి మాసమున, అదే బ్రిడ్జిటౌనులో గ్రాహం యాలప్ అను ఆస్ట్రేలియా ఆటగాడు హెల్మెట్టు ధరించి టెస్టు ఆటకు దిగెను. టెస్టులలో అట్లు దిగినవారిలో అతడే మొదటివాడు. ప్రేక్షకులు అతనిని చూచి ఎగతాళి చేసిరి. నేడు హెల్మెట్టు లేక వేగపు బంతి నెదుర్కొనువానిని చూచి జనులు ఆశ్చర్యపడుదురు. నాటి నవ్వు ఎంత తెలివితక్కువదో ఇప్పుడు మనకు తెలియుచున్నది.

హెల్మెట్టు వచ్చిన తరువాతను దుఃఖము తీఱలేదు. భారతదేశము పక్షమున నాలుగు టెస్టు లాడిన రమణ్ లాంబాగారు 1998 ఫిబ్రవరి 20వ తేదీన బంగ్లాదేశపు ఢాకా నగరమున ఒక క్లబ్బు పక్షమున ఆడుచుండిరి. బ్యాటు పట్టినవానికి అతి సమీపమున, షార్టులెగ్గు అను స్థానమున వచ్చి నిలిచిరి. హెల్మెట్టు తెప్పింపుమందువా యని నాయకుడు అడిగెను. ఓవరునందు మిగిలినవి మూడు బంతులేగదా, అక్కఱలేదని లాంబాగారు చెప్పిరి. ఆ మూడింటిలో ఒక బంతిని బ్యాటుదారుడు బలముగా కొట్టగా అది నేరుగా లాంబాగారి తలకు తగిలెను. ఆయన లేచి తామే మైదానము వెలుపలికి నడచి వెళ్ళిరి, మాటలాడిరి కూడ. కొంతసేపటికి స్పృహ తప్పినది. మఱల రాలేదు. ఫిబ్రవరి 23వ తేదీన మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియెనిమిదేండ్లు.

సోదరులారా, ఈ కథలో రెండు పాఠములు గలవు. మొదటిది: "మూడు బంతులేగదా" యను మాట. ఊరి చివరవఱకేగదా యని మోటారుసైకిలుపై హెల్మెట్టు లేక పోవువాడును ఈ మాటయే పలుకును. అపాయము కొలత చూచి రాదు.

రెండవది ఇంకను ముఖ్యమైనది. తలకు దెబ్బ తగిలినవాడు లేచి నడచెను, మాటలాడెను. కావున భయములేదని తలంచుట గొప్ప పొరపాటు. కణతవద్ద ఎముక పలుచనిది. దాని లోపలి వైపున ఒక రక్తనాళము పోవుచున్నది. దెబ్బకు అది చిట్లినచో రక్తము మెల్లమెల్లగా పుఱ్ఱె లోపల చేరి మెదడును నొక్కివేయును. ఆ నొక్కుడు కలుగులోపల, కొన్ని నిమిషములో, కొన్ని గంటలో, మనుష్యుడు బాగుగనే యున్నట్లు కనబడును. మన యిండ్లలో అట్టి పిల్లవానికి తలపై నూనె పెట్టి, కాఫీ త్రాగించి పండుకొనబెట్టుదురు. "పాపము, అలసినాడు, మంచి నిద్ర పట్టినది" అని తల్లి తృప్తిపడును. అది నిద్ర కాకపోవచ్చును.

కావున ఈ గుర్తులు జ్ఞాపక ముంచుకొనుడు. తలనొప్పి క్రమముగా హెచ్చుట, మాటిమాటికి వాంతి యగుట, మత్తుగా నుండుట, మాట తడబడుట, అడిగిన ప్రశ్ననే మఱల మఱల అడుగుట, కాలు సేతులలో బలము తగ్గుట, కంటిపాపలలో ఒకటి పెద్దదగుట, చెవినుండి గాని ముక్కునుండి గాని రక్తమో నీరో కాఱుట, ఫిట్లు వచ్చుట: వీనిలో ఏ యొక్కటి కనబడినను క్షణమాలస్యము చేయక, తలను స్కానుతీసి శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఊరిలో సూదిమందు వేయించి ఱేపటివఱకు వేచియుండుట తగదు. ఏ గుర్తును లేకున్నను, తలకు గట్టి దెబ్బ తగిలినవానిని ఆ దినము మఱల ఆటలోనికి దింపరాదు. ఒక పగలు ఒక రాత్రి ఒంటరిగ విడువరాదు. అంతర్జాతీయ క్రికెట్టు మండలివారును 2019వ సంవత్సరమునుండి, తలదెబ్బ తగిలిన ఆటగానికి బదులు వేఱొకనిని దింపుటకు అనుమతించినారు. దెబ్బతిన్నవాడు జట్టు కోసమై పట్టుదలతో నిలువనక్కఱలేదని దీని భావము.

2014 నవంబరు 25వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఫిలిప్ హ్యూస్ అను యువకుడు అఱువదిమూడు పరుగులు చేసి యాడుచుండగా, శాన్ అబ్బాట్ వేసిన బంతి ఎగసి అతని మెడకు, చెవికి దిగువ భాగమున తగిలెను. అతడు హెల్మెట్టు ధరించియే యున్నాడు. కాని హెల్మెట్టు కప్పని చోట తగిలి, మెదడునకు రక్తమును గొనిపోవు నాళము చిట్లెను. రెండు దినములకు మరణించెను. ఇరువదియాఱవ జన్మదినమునకు మూడు దినములే మిగిలియుండెను. ఆ పిమ్మట హెల్మెట్టు వెనుక మెడను గప్పు కవచము వచ్చెను. ఆస్ట్రేలియాలో దానిని తప్పనిసరి చేసినది 2023లో. ఇక్కడను తొమ్మిదేండ్ల యాలస్యమే.

ఆడువారికే కాదు, ఆడనివారికిని ఈ యపాయము కలదు. 2007వ సంవత్సరమున అమెరికాలో మైక్ కూల్‌బా అను శిక్షకుడు ఆటస్థలముయొక్క అంచున నిలిచి తన ఆటగాండ్రకు సలహా చెప్పుచుండగా బంతి మెడకు తగిలి మరణించెను. మఱుసటి సంవత్సరమునుండి శిక్షకులును హెల్మెట్టు ధరింపవలెనని నియమము వచ్చెను. 2018లో లాస్ ఏంజెలిసు నగరమున బేసుబాలు చూడవచ్చిన ఒక వృద్ధురాలు బంతి తగిలి మరణించిరి. 2020 నాటికి అచ్చటి పెద్ద ఆటస్థలములన్నింట ప్రేక్షకుల యెదుట వలలను పొడిగించిరి. మన దేశమున, బొంబాయిలోని మాటుంగాలో 2024 జనవరి మాసమున ఒకే మైదానమున రెండు పందెములు ప్రక్కప్రక్కన జరుగుచుండగా, ఒక ఆటలో కొట్టిన బంతి రెండవ ఆటలోనివాని చెవి వెనుక తగిలి అతడు మరణించెను. ఆదివారమునాడు హైదరాబాదు, సికిందరాబాదు మైదానములను చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తది గాదు. ఒకని వెనుక నొకడుగా, ఎవరి ఆట ఎవరిదో తెలియనట్లు నాలుగైదు గుంపు లొక్కచోట ఆడుచుండును.

ఇప్పుడు గుండెను గూర్చి కొంత చెప్పెదను. 1959వ సంవత్సరమున కరాచీ నగరమున అబ్దుల్ అజీజ్ అను పిన్నవయస్కుడు బ్యాటు పట్టియుండగా, నెమ్మదిగా వచ్చిన బంతి యొకటి అతని ఱొమ్మునకు తగిలెను. అతడు మఱుసటి బంతికి సిద్ధపడుచు కూలిపోయి మరణించెను. నెమ్మదియైన బంతి ప్రాణము తీయుట ఎట్లు? గుండె కొట్టుకొనునప్పుడు ప్రతి స్పందనయందును రెప్పపాటుకంటె స్వల్పమైన ఒక క్షణము కలదు. సరిగా ఆ క్షణమున ఱొమ్ముపై దెబ్బ తగిలినచో, గుండె గాయపడకున్నను దాని తాళము తప్పి, వణకుచు నిలిచిపోవును. ఇట్టి యపాయము పిల్లలకు, పదునైదేండ్లకు అటునిటు వయస్సువారికి, ఎక్కువ. వారి ఱొమ్ము ఎముకలు ఇంకను మెత్తనివి గదా. కావున చిన్నపిల్లలచేత గట్టి తోలుబంతితో ఆడింపక, మెత్తని బంతితో ఆడించుట మేలు.

హైటెక్ సిటీ ప్రాంతపు యువకుల విషయమున దీనికంటె ఎక్కువగ ఆలోచింపవలసినది వేఱొకటి యున్నది. బంతి తగులకయే, పరుగెత్తుచునో, బంతి వేయుచునో, ఆట ముగించి కూర్చుండియో, ముప్పది నలుబదేండ్లవారు కూలిపోయిన వార్తలు ఇటీవలి యేండ్లలో హైదరాబాదునుండి పలుమాఱులు వచ్చినవి. పిన్నవారిలో దీనికి కారణము తఱచుగా పుట్టుకతో వచ్చిన గుండెకండరపు దోషము. ముప్పదియైదేండ్లు దాటినవారిలో ముఖ్యకారణము గుండె రక్తనాళములు పూడుకొనిపోవుట. పడమటి దేశములవారికంటె మన దేశమువారికి ఈ జబ్బు కొన్ని యేండ్లు ముందుగనే వచ్చుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు.

దీనికి ఆటను దూషింపరాదు. ప్రతిదినము నడచువానికి ఆట మేలే చేయును. వారమెల్ల కుర్చీలో కూర్చుండి, రాత్రులు మేల్కొని, పొగ త్రాగి, ఆదివారము ఉదయమున ఒక్కసారిగ పరుగులెత్తువానికే చిక్కు. మీ గ్రామమున అరక దున్నెడి ఎద్దును సంవత్సరమంతయు కొట్టమున కట్టివేసి, సంక్రాంతినాడు బండపందెమునకు విప్పుదురా? విప్పరు. నెలనాళ్ళముందునుండి దానిని నడిపించి, మేపి, సాధన చేయింతురు. ఎద్దుకు చేసెడి యీ యుపచారము కుమారునికి అక్కఱలేదా?

కావున మీ పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నాలుగు మాటలు అడుగుడు. పరుగెత్తునప్పుడు ఱొమ్ములో బరువుగాని, నొప్పిగాని తోచునా? ఎప్పుడైన ఆడుచు స్పృహ తప్పినావా? రక్తపుపోటు, మధుమేహము పరీక్ష చేయించుకొన్నావా? నాల్గవ మాట మీరే వానికి చెప్పవలసినది: మన వంశమున ఏబదియేండ్లలోపల హఠాత్తుగ మరణించినవా రెవరైన నుండిరా యని. ఈ సంగతి ఏ వైద్యునికిని, ఏ యంత్రమునకును తెలియదు. ఇంటి పెద్దలకే తెలియును. "మీ చిన్నతాత నలుబదేండ్లకే పొలములో కూలిపోయినాడు" అను ఒక్క మాట, ఆ పిల్లవానిని సకాలమున గుండెపరీక్షకు పంపి ప్రాణము నిలుపవచ్చును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకడు కన్నులయెదుట కూలిపోయినాడనుకొందము. ఏమి చేయవలెను? గుండె నిలిచిన ప్రతి నిమిషమునకును బ్రతుకు ఆశ నూటికి ఏడు మొదలు పది పాళ్ళు తగ్గిపోవును. పిలిచినను పలుకక, శ్వాస విడువనివానికి, లేదా గురకవలె ఎగశ్వాస తీయువానికి, గుండె నిలిచినదని భావింపవలెను. అట్టివానికి ఒక్కొక్కప్పుడు కాలు సేతులు కొట్టుకొనును. దానిని మూర్ఛరోగమని తలంచి చేతిలో తాళపుచెవులు పెట్టుట, ముక్కునకు ఉల్లిపాయ చూపుట, నోట నీరు పోయుట మనవారి యలవాటు. ఇవి యేవియు పనికిరావు. విలువైన నిమిషములు వ్యర్థమగును.

చేయవలసినది ఇది. ఒకరు వెంటనే 108కి ఫోను చేయవలెను. ఈ యుచిత ఆంబులెన్సు ఏర్పాటు 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులోనే ఆరంభమైనది. రెండవవారు ఆ మనుష్యుని గట్టినేలపై వెల్లకిల పండుకొనబెట్టి, ఱొమ్ము నడుమ అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక, ఱొమ్ము ఐదు సెంటీమీటర్లు, అనగా రెండంగుళములు, దిగునట్లు నొక్కి విడువవలెను. నిమిషమునకు 100 మొదలు 120 సార్లు. ధాన్యము దంచు రోకటిపోటువలె ఒకే లయతో, కాని అంతకంటె వేగముగ. అలసినచో వేఱొకరు అందుకొనవలెను. ఆంబులెన్సు వచ్చువఱకు ఆపరాదు. దీనినే సి.పి.ఆర్. అందురు. విద్యుద్ఘాతముతో గుండెను మఱల తాళమునకు తెచ్చెడి డీఫిబ్రిలేటరను యంత్రము దగ్గఱ నున్నచో దానిని తెప్పింపవలెను. ఏమి చేయవలెనో అదియే పలికి చెప్పును. 2023వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము సామాన్యజనులకు సి.పి.ఆర్. నేర్పు కార్యక్రమమును ఆరంభించినది. ప్రతి గ్రామమున పదిమంది యువకులు దీనిని నేర్చుకొనుట, దేవాలయమునకు గోపురము కట్టించుటకంటె తక్కువ పుణ్యము గాదు.

మీ గ్రామపు ఆటస్థలమున చేయవలసిన చిన్న పనులు కొన్ని చెప్పెదను. తోలుబంతితో ఆడునప్పుడు హెల్మెట్టు లేనివానిని బ్యాటు పట్టనీయకుడు. గ్రామపు సొమ్ముతో రెండు హెల్మెట్టులు కొనియుంచినచో అందఱికిని ఉపయోగపడును. ఒక స్థలమున ఒకే ఆట జరుగవలెను. బౌలరు వెనుక ఎవరును తిరుగరాదు. చీకటి పడిన పిమ్మట ఆట చాలింపవలెను. బంతి వ్యవసాయపు బావిలోనో, ట్రాన్సుఫార్మరు కంచెలోనో పడినచో దానికై దిగరాదు. బంతి వెల కొంచెము, ప్రాణము వెల లేదు. ఉఱుము వినబడినంతనే ఆట మాని పక్కా యింటిలోనికి పోవలెను. చెట్టు క్రింద నిలువరాదు. మన బిళ్ళంగోడు, తెలంగాణమున చిర్రగోనె యనెడి యాటలోను, ఎగిరిన బిళ్ళ తగిలి కన్నుపోయినవారు ప్రతి ప్రాంతమునను ఒకరిద్దఱుందురు. చూచువారు వెనుకకు నిలువవలెనని పిల్లలకు నేర్పుడు.

చివరగా పెద్దలైన మీరు మాత్రమే చేయగల పని యొకటి కలదు. ఆటలో ఒకనికి దెబ్బ తగిలినప్పుడు, కొట్టినవానిని దోషిగా నిలువబెట్టి, రెండు కుటుంబములు పగబూనుట మన గ్రామములలో ఎఱుగనిది కాదు. కార్ల్ మేస్ ఎన్ని పందెములు గెలిచినను, చాప్‌మన్ మరణపు నీడ జీవితాంతము అతనిని వెంటాడెను. కాని సిడ్నీలో అట్లు జరుగలేదు. హ్యూస్ నాయకుడును, కుటుంబమువారును, బంతి వేసిన అబ్బాట్‌ను దూషింపక ఓదార్చిరి. అతడు మఱల ఆడగలిగెను. తన చేతి బంతివలన తోటివాడు పడిపోవుట చూచిన కుఱ్ఱవాని దుఃఖమును కూడ తలంపవలెను. మీరు వాని భుజముపై చేయివేసి, "నాయనా, ఇది నీ తప్పు కాదు" అని అనినచో, రెండవ యింటిని కూడ కాపాడినవారగుదురు.

ఆడవలదని పిల్లల నాపుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము కాదు. ఆడనీయుడు. హెల్మెట్టు, మెడకవచము, వల, తలదెబ్బకు విశ్రాంతి: వీనిలో ప్రతిదియు ఎవరో యొకరి ప్రాణము వెలగా మనకు లభించినది. వెల యితరులు చెల్లించియే యున్నారు. మన గ్రామము అదే వెలను మఱల చెల్లింపనక్కఱలేదు.

సెలవు.